మామ: ఒక పిలుపు, అది మోసే బరువు

పదమూడో శతాబ్దం మధ్యలో నెల్లూరును ఏలిన తెలుగుచోడ రాజు మనుమసిద్ధి, తన మంత్రీ కవీ అయిన తిక్కనను మామా అని పిలిచేవాడు. ఇద్దరిదీ ఒక కులం కాదు. ఇద్దరి మధ్యా రక్తసంబంధం లేదు. అయినా రాజు ఆ పిలుపును ఊరికే పోనివ్వలేదు. నేను నిన్ను మామా అంటున్నాను కాబట్టి, దానికి తగ్గట్టు నీ కవిత అనే కన్యను నాకే ఇవ్వమని అడిగాడని, నిర్వచనోత్తర రామాయణం అవతారికలో తిక్కనే చెప్పుకున్నాడు. కృతిని కన్యగా, కృతిపతిని అల్లుడిగా చూపే ఆ చమత్కారం పండాలంటే వినేవాళ్లందరికీ ఒక సంగతి ముందే తెలిసి ఉండాలి. మామ అంటే పిల్లనిచ్చేవాడు.

అదే నెల్లూరు సీమలో, పెన్న ఒడ్డున కాస్త ఎగువన ఉన్న సంగంలో ఈ మాట ఇప్పుడూ రోజంతా వినిపిస్తుంది. బీరాపేరు వాగు పెన్నలో కలిసే చోటు కాబట్టి ఊరికి ఆ పేరు. సంగమేశ్వరుడి గుడి, 1880లలో కట్టిన ఆనకట్ట, 2022 సెప్టెంబరులో ప్రారంభమైన బ్యారేజీ ఆ ఊరి గుర్తులు. బస్సులో పక్కకు జరగమనడానికీ, టీ కొట్టులో పలకరించడానికీ, కాలవ నీళ్ల దగ్గర వంతు అడగడానికీ ‘ఏంది మామా, ఎట్టుండావు?’ అనే మొదలుపెడతారు. పిలిచినవాడికీ పలికినవాడికీ చుట్టరికం ఉండొచ్చు, లేకపోవచ్చు.

ఈ ఒక్క మాట ఎవరెవరిని సూచిస్తుంది? ఎందుకు సూచిస్తుంది? మేనరికాలు తగ్గుతున్న ఈ కాలంలో దానికి మిగిలే అర్థం ఏమిటి? శాసనాలు, ధర్మశాస్త్రాలు, మానవశాస్త్రం, వైద్యం, చట్టం, ఊరి వాడుక అన్నీ ఈ ప్రశ్నను తాకాయి. ఒక్కొక్కటీ ఒక్కో వైపు నుంచి తాకింది. వాటన్నిటినీ ఒక వరసలో పెట్టి చూడటం ఈ వ్యాసం పని.

ముగ్గురూ మామలే

అమ్మ తోడబుట్టినవాడు మామ. మేనత్త మొగుడు మామ. భార్య తండ్రి, భర్త తండ్రి కూడా మామే. బ్రౌన్ 1852లో అచ్చువేసిన నిఘంటువు నుంచి ఇవాళ్టి దాకా తెలుగు నిఘంటువులు ఈ అర్థాలను పక్కపక్కనే పెడుతూ వచ్చాయి. స్పష్టత కావాలంటే అమ్మ తమ్ముణ్ణి మేనమామ అంటాం, భార్య తండ్రిని పిల్లనిచ్చిన మామ అంటాం. ఎదుటపడి పిలిచేటప్పుడు ఆ విశేషణాలు రాలిపోతాయి. కృష్ణా, గోదావరి జిల్లాల్లో మావయ్య అనే చోట నెల్లూరు వైపు మామ అనే మాటే ఎక్కువ.

ఇది తెలుగులో పేర్ల కొరత వల్ల వచ్చింది కాదు. మన వరసల కట్టుబాటులో తల్లిదండ్రుల తరం మొత్తం రెండు పక్షాలుగా విడిపోతుంది. తండ్రి అన్నదమ్ములు తండ్రి వరసే: పెదనాయన, చిన్నాయన. తల్లి అక్కచెల్లెళ్లు తల్లి వరసే: పెద్దమ్మ, చిన్నమ్మ. వాళ్ల పిల్లలు మనకు అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు. తండ్రి అక్కచెల్లెళ్లూ, తల్లి అన్నదమ్ములూ మాత్రం అవతలి పక్షం: అత్త, మామ. వాళ్ల పిల్లలు బావ, వదిన, మరదలు, బావమరిది. మొదటి పక్షంలో పెళ్లి మాట ఎత్తితే వావి తప్పినట్టు. రెండో పక్షంలో పెళ్లి చెల్లుతుంది. చిన్నమ్మ భర్త చిన్నాయన అవుతాడు గానీ మామ కాడు. మేనత్త భర్త మామ అవుతాడు గానీ చిన్నాయన కాడు. ఇద్దరూ పెళ్లి ద్వారా వచ్చినవాళ్లే అయినా ఒకరు ఇటు, ఒకరు అటు. బడికి వెళ్లని ముసలమ్మ కూడా ‘మనకి ఏం వరస అవుతాడు?’ అని రెండు నిమిషాల్లో తేల్చేస్తుంది. ఏ పేరు ఎటు ఉందో తెలిస్తే చాలు, లెక్క తప్పదు.

పక్కనే ఉన్న ఉర్దూతో పోలిస్తే ఈ విశేషం ఇంకా బాగా కనిపిస్తుంది. నెల్లూరు ముస్లింల ఇళ్లలో అమ్మ సోదరుడు మామూ, మేనత్త భర్త ఫూఫా, పిన్ని భర్త ఖాలూ, భార్య తండ్రి ససుర్. నలుగురికీ నాలుగు మాటలు. అక్కడా దగ్గరి బంధువుల మధ్య పెళ్లిళ్లు ఉన్నాయి. కాబట్టి దగ్గరి పెళ్లి ఒక్కటే మాటలను కలిపేస్తుందనుకోవడం కుదరదు. తల్లిదండ్రుల తోబుట్టువులను తన పక్షం, పెళ్లి పక్షం అని రెండుగా చీల్చే కట్టుబాటు ఉన్నప్పుడే మామ లాంటి మాట పుడుతుంది.

శాసనం నుంచి శశిరేఖ దాకా

ఈ కట్టుబాటు ఎంత పాతది? ఉత్తరాది ధర్మశాస్త్రకారుల కంటికి ఇది దక్షిణాది వింతగా తోచింది. బౌధాయన ధర్మసూత్రం దక్షిణాదివాళ్లకు ప్రత్యేకమైన ఆచారాలు అయిదు చెబుతూ, వాటిలో మేనమామ కూతురిని, మేనత్త కూతురిని పెళ్లాడటాన్ని చేర్చింది. ఆచారం ఉన్న చోట అది చెల్లుతుందనే వాదనను కూడా నమోదు చేసింది.

తెలుగు నేల మీద గట్టి సాక్ష్యం నాగార్జునకొండలో దొరికింది. మూడో శతాబ్దపు ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడు తన మేనత్త హమ్మసిరి కూతుళ్లను పెళ్లాడాడు. మరో మేనత్త చాంతిసిరి మహాచైత్యాన్ని కట్టించిన మహాదాత. ఆమె శాసనాల్లో ఒకచోట తనను రాజుకు మేనత్తగా, మరోచోట రాజును తన అల్లుడిగా చెప్పుకున్నట్టు పండితులు గుర్తించారు. ప్రాకృతంలో రాయించినందువల్ల ఆమెకు రెండు వేరు మాటలు కావలసి వచ్చాయి. తెలుగులో అయితే అత్త అనే ఒక్క మాట రెండు సంబంధాలకూ సరిపోయేది.

పురాణకథలూ ఇదే దారిలో నడిచాయి. అర్జునుడు పెళ్లాడిన సుభద్ర అతడి మేనమామ వసుదేవుడి కూతురు. ఇది ఇబ్బంది కలిగించడం వల్లే మీమాంసకుడు కుమారిలభట్టు ఆ చుట్టరికాన్ని వేరుగా వివరించి సర్దిచెప్పే ప్రయత్నం చేశాడు. మనవాళ్లకు ఆ ఇబ్బంది లేదు. పైగా మరో తరం ముందుకెళ్లి, అభిమన్యుడికి మేనమామ బలరాముడి కూతురు శశిరేఖనిచ్చి పెళ్లి చేశారు. వ్యాసభారతంలో లేని ఈ కథ దక్షిణాది సొత్తు. 1957లో ‘మాయాబజార్’ దాన్ని తెలుగువాళ్ల ఇంటింటి కథ చేసింది. ఆ సినిమాలో గొడవంతా ఒక మామ ఇచ్చిన మాటను తప్పడం గురించే. ప్రేక్షకులకు విడమరిచి చెప్పాల్సిన అవసరం ఎవరికీ రాలేదు.

పండితుల వాదాలు

పాశ్చాత్య పండితుల్లో మొదట పెద్ద ఎత్తున ఈ మాటలు పోగుచేసినవాడు అమెరికాకు చెందిన లూయిస్ హెన్రీ మోర్గన్. 1871లో వెలువడిన అతడి గ్రంథంలో తమిళ, తెలుగు, కన్నడ బంధుపదాల పట్టికలు ఉన్నాయి. అమెరికా ఆదివాసులైన ఇరోక్వాలకూ ద్రావిడ భాషలకూ ఈ విషయంలో పోలిక కనబడి అతడు ఆశ్చర్యపోయాడు. దాని నుంచి ఆ రెండు జాతులూ ఒకప్పుడు కలిసి ఉండేవన్నంత దూరం పోయాడు. ఆ ఊహ నిలవలేదు గానీ పట్టికలు నిలిచాయి.

నీలగిరుల్లో తోడా గిరిజనుల మధ్య పనిచేసిన రివర్స్ 1914 నాటి పుస్తకంలో, మేనరికమే ఈ మాటలకు మూలమన్నాడు. అమ్మ తమ్ముడే పిల్లనిచ్చిన మామ అవుతుంటే ఇద్దరికీ ఒకే పేరు రావడం సహజమని అతడి లెక్క. ఇది సగం నిజం. ఏ కాలంలోనూ అన్ని పెళ్లిళ్లూ మేనరికాలు కావు. బయటి సంబంధం చేసుకున్నవాడు కూడా కొత్త మామను మామా అనే పిలుస్తాడు.

మిగతా సగాన్ని 1953లో లూయీ ద్యుమోఁ అందించాడు. మేనమామను తల్లి వైపు రక్తబంధువుగా మాత్రమే చూస్తే ఈ పదజాలం అర్థం కాదన్నాడు. అతణ్ణి మొదట నాయనకు బావమరిదిగా చూడాలి. నాయన ఏ ఇంటితో వియ్యమందాడో ఆ ఇంటి మనిషి మామ. ఆస్తి తండ్రి నుంచి కొడుక్కి దిగినట్టే వియ్యం కూడా తరం నుంచి తరానికి దిగుతుంది. నాయన బావమరిది నాకు మామ, ఆయన కొడుకు నాకు బావ. అదే ఏట ఇరావతీ కార్వే దేశమంతటి బంధుత్వ పద్ధతులను పోలుస్తూ పుస్తకం రాసింది. ఉత్తరాదిలో ఆడపిల్ల తెలియని ఇంటికి వెళ్తే, దక్షిణాదిలో తెలిసిన ఇంటికే వెళ్తుందన్న తేడాను ఎత్తిచూపింది. 1981లో థామస్ ట్రౌట్‌మన్ శాసనాలు, ధర్మశాస్త్రాలు, ఇప్పటి వాడుకలు కలిపి పరిశీలించి, ఈ రెండు పక్షాల విభజన మూలద్రావిడం నుంచే ఉందని వాదించాడు.

వీళ్లందరి వాదాల మధ్య తెలుగువాళ్లు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. మన దగ్గర మేనమామే స్వయంగా అక్క కూతురిని పెళ్లాడే ఆచారం కూడా ఉంది. చెల్లెలి కూతురు కూడదనే కట్టడి చాలా కులాల్లో ఉన్నా, అక్క కూతురు హక్కు అన్నట్టే నడిచింది. ఆ ఆచారం మన మాటల్లో ఉందా? లేదు. అక్క కూతురు మేనకోడలు. కోడలు అంటే కొడుకు పెళ్లాం. అంటే మాట ప్రకారం ఆమె తన కొడుక్కి తగిన పిల్ల, తనకు కాదు. ఆమెను పెళ్లాడితే అక్క అత్త అవుతుంది, బావ మామ అవుతాడు, కోడలు భార్య అవుతుంది. ఒక్క పెళ్లితో మూడు పేర్లు తలకిందులవుతాయి. మామ అనే మాటలో పిల్లనిచ్చే బాధ్యత ఉంది గానీ పిల్లను తీసుకునే హక్కు లేదు. ఆచారాన్ని సమర్థించేవాళ్లు మాటను సాక్ష్యం పిలిస్తే, ఆ మాట వాళ్లకు వ్యతిరేకంగానే చెబుతుంది.

పీటల మీద మామ

పుస్తకాల కంటే శుభకార్యాలే మేనమామ స్థానాన్ని బాగా చెబుతాయి. పెంచలకోనలోనో జొన్నవాడలోనో పిల్లాడి పుట్టువెంట్రుకలు తీసేటప్పుడు బిడ్డ మేనమామ ఒడిలో కూర్చుంటాడు. తొలి కత్తెర ఆయన చేత వేయిస్తారు. చెవులు కుట్టేటప్పుడూ ఆ ఒడే. పిల్ల పెద్దమనిషి అయితే తొలి చీర మేనమామ తేవాలి. పెళ్లిలో పెళ్లికూతుర్ని గంపలో కూర్చోబెట్టి పీటల దగ్గరికి తెచ్చేది మేనమామలు. రోహిణిలో బిడ్డ పుడితే మేనమామకు గండమని నమ్మేవాళ్లు, ముందుగా నూనెలో బిడ్డ ముఖం ఆయనకు చూపించే తంతు ఇప్పటికీ చేయిస్తారు. కృష్ణుడూ కంసుడూ ఆ నమ్మకం వెనక ఉన్నారు.

ఇన్ని చోట్ల మేనమామ ఎందుకు? పుట్టింటి తరఫున నిలబడే మనిషి కాబట్టి. కూతురికి పొలంలో వాటా ఇవ్వని కాలంలో, పసుపుకుంకుమ కింద ఏదో కొంత ఇచ్చి పంపి, మిగతా బాకీని చీరలు, సారె, పిల్లల వేడుకల పెట్టుబడి రూపంలో అన్నదమ్ములు జీవితాంతం తీర్చేవాళ్లు. మేనరికం ఆ లెక్కలో ఇంకో భాగం. ఆడపడుచుతో వెళ్లిన ఎకరం తర్వాతి తరంలో కోడలి రూపంలో తిరిగి వచ్చేది. సంగం ఆనకట్ట కింద నీరు పారి భూముల విలువ పెరిగిన ప్రాంతంలో ఆ లెక్కకు బలం ఎక్కువే.

చట్టం ఆ లెక్కను మార్చింది. 1985 సెప్టెంబరు నుంచి వర్తించేలా ఆంధ్రప్రదేశ్ తెచ్చిన సవరణ, తర్వాత 2005 నాటి కేంద్ర సవరణ, ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమాన హక్కు ఇచ్చాయి. కాగితం మీద ఇప్పుడు చెల్లెలు అన్న దయ మీద ఆధారపడాల్సిన పని లేదు. ఊళ్లలో మాత్రం వాటా అడిగిన ఆడబిడ్డకు పుట్టిల్లు దూరమవుతుందనే బెదురు పోలేదు. ‘చీర కావాలా, చేను కావాలా?’ అన్నట్టు మేనమామ పిలుపునే పణంగా పెట్టించే ఇళ్లు ఉన్నాయి. ఇది అన్యాయం. చెల్లెలి వాటా చెల్లెలికి ఇచ్చి, ఆ తర్వాత చీర పట్టుకెళ్లేవాడే అసలైన మేనమామ.

వైద్యం, చట్టం, ఆడపిల్ల మాట

మేనరికం వల్ల బిడ్డల ఆరోగ్యానికి ఏమవుతుందో తెలుగు జిల్లాల్లో శాస్త్రీయంగా మొదట పరిశీలించినవాళ్లలో ద్రోణంరాజు కృష్ణారావు, పి. మీరాఖాన్ ముఖ్యులు. జన్యుశాస్త్రవేత్త జె.బి.ఎస్. హాల్డేన్ శిష్యవర్గానికి చెందిన వీళ్లు 1960ల మొదట్లో ఆంధ్ర ప్రాంతపు దగ్గరి పెళ్లిళ్ల మీద పత్రాలు ప్రచురించారు. సూత్రం సులువైనది. అందరిలోనూ ఏవో కొన్ని లోపపు జన్యువులు దాగి ఉంటాయి. అవి ఇద్దరు తల్లిదండ్రుల నుంచీ ఒకేసారి చేరితేనే జబ్బు బయటపడుతుంది. మేనబావ, మేనమరదలు పెళ్లాడితే పుట్టే బిడ్డలో ఒక జన్యువు రెండు నకళ్లూ ఒకే పూర్వీకుడి నుంచి వచ్చే అవకాశం పదహారింట ఒకటి. మేనమామ, అక్క కూతురు పెళ్లాడితే అది ఎనిమిదింట ఒకటి, అంటే సరిగ్గా రెట్టింపు. ప్రతి మేనరికంలోనూ జబ్బు పిల్లలు పుడతారనడం తప్పు. ముప్పు లేదనడం అంతకంటే తప్పు. తరతరాలుగా అదే ఇంటితో వియ్యమందుతున్న కుటుంబాల్లో ముప్పు ఇంకా పెరుగుతుంది.

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్, తమిళనాడు, కర్ణాటకల్లో దగ్గరి పెళ్లిళ్ల వాటా దేశ సగటుకు రెట్టింపు పైమాటే. కాబట్టి ఇది చరిత్రలో కలిసిపోయిన విషయం కాదు. చట్టం కూడా దీన్ని పూర్తిగా ఆపలేదు. 1955 హిందూ వివాహ చట్టం మేనమామ–మేనకోడలు, అన్నాచెల్లెళ్ల పిల్లల మధ్య పెళ్లిళ్లను నిషిద్ధ సంబంధాల్లో చేర్చింది. ఇరువైపులా ఆచారం ఉంటే చెల్లుతుందని మినహాయింపూ ఇచ్చింది. బౌధాయనుడి కాలం నాటి వాదనే కొత్త భాషలో నిలిచింది.

వైద్యం, చట్టం రెండూ సరిగా చెప్పని నష్టం ఒకటుంది. ఊయలలో ఉన్నప్పుడే ‘ఇది నా కొడుకు పెళ్లాం’ అని మేనమామ అన్న మాట ఆడపిల్ల చదువు మీద, స్నేహాల మీద, కోరికల మీద ఇరవయ్యేళ్లు కాపలా కాస్తుంది. కాదంటే రెండు ఇళ్లు విడిపోతాయి. ఆ నింద ఆమె మీద పడుతుంది. మరదలి మీద పరాచికం చెల్లుతుందనే నమ్మకం ఎన్ని వేధింపులను నవ్వుల కింద దాచిందో ఆడవాళ్లను అడిగితే తెలుస్తుంది.

వరస పెట్టి పిలవడం

చుట్టరికం లేనివాళ్లను మామా అనడం వేరే సంగతి. ఊళ్లో వరసలు పెట్టి పిలుచుకోవడానికి నియమం ఉంది. అన్నా, చిన్నాయనా అంటే తన పక్షం. అక్కడ మర్యాద ఎక్కువ, హాస్యం తక్కువ. మామా, బావా అంటే అవతలి పక్షం. అక్కడ నాలుగు మాటలు ఎక్కువ తక్కువ అనుకున్నా చెల్లుతుంది. అందుకే మగవాళ్ల మధ్య మామా అనే పిలుపు ఇంత విరివిగా పాకింది. కాలేజీ కుర్రాళ్లు సాటివాణ్ణి మామా అంటున్నారంటే ఆ చనువు కోసమే. అదే బస్సులో ఆడపిల్ల కండక్టరును అన్నా అంటుంది గానీ మామా అనదు. పెళ్లి వరసకూ, పరాచికానికీ దారి మూసేసే మాట ఆమెకు కావాలి. కొన్ని పల్లెల్లో భార్య భర్తను మామా అని పిలవడం కూడా ఇక్కడ గుర్తుంచుకోవాలి.

ఈ చనువు అందరికీ సమానంగా దక్కలేదు. పాత రోజుల్లో దళితవాడ మనిషి ఊళ్లోని రైతును దొరా, అయ్యా అనాల్సిందే. మామా అనే వీలు లేదు. అటునుంచి వచ్చే పిలుపు వయసును కూడా లెక్కచెయ్యని ఏకవచనం. మనుమసిద్ధి తిక్కనను మామా అనగలిగాడంటే ఇద్దరూ పైమెట్ల మీద ఉన్నవాళ్లు. వరస కలపడం అంటే సమానుడిగా ఒప్పుకోవడం. సంగం లాంటి ఊళ్లలో బడిలో కలిసి చదివిన పిల్లలు కులం చూడకుండా మామా, బావా అనుకోవడం మంచి మార్పు. పిలుపు దగ్గర కలిసిన వరస పెళ్లి దగ్గరా కలవనిచ్చినప్పుడే ఆ మార్పు పూర్తవుతుంది.

అంకుల్ అనే మాట ఇప్పుడు ఈ తేడాలన్నిటి మీదా సున్నం వేస్తోంది. పట్నాల్లో, అమెరికా తెలుగు ఇళ్లలో చిన్నాయన, మామ, నాయన స్నేహితుడు, పై అంతస్తు పెద్దాయన అందరూ అంకుళ్లే. పరాయివాళ్లకు ఆ మాట చాలు. అమ్మ తమ్ముడికి మాత్రం చాలదు.

ఏది పోవాలి, ఏది మిగలాలి

ఇంతవరకు చూసిన ఆధారాలన్నీ కలిపితే ఒక విషయం తేలుతుంది. మామ అనే మాటలో రెండు పొరలున్నాయి. ఒకటి పెళ్లి మీద హక్కు. రెండోది పుట్టింటి తరఫున పూచీ. ఇవి రెండూ విడదీయలేనివని ఆచారం చెబుతుంది. విడదీయవచ్చని మాటే చెబుతుంది. రక్తసంబంధం లేని రాజూ కవీ ఈ నేల మీదే ఆ పిలుపును గౌరవంగా వాడుకున్నారు. బయటి సంబంధం చేసుకున్న అల్లుడు అదే పిలుపుతో కొత్త ఇంట్లో అడుగుపెడుతున్నాడు. మేనరికం లేకుండా మామ బతకగలడు.

కాబట్టి మేనరికం, ముఖ్యంగా మేనమామే మేనకోడలిని చేసుకునే పద్ధతి, పోవాలి. డాక్టరు చెప్పాడని మాత్రమే కాదు, ఆడపిల్ల ఇష్టానికి అది చోటివ్వదు కాబట్టి. మామ అనే మాట మాత్రం పోకూడదు. భద్రిరాజు కృష్ణమూర్తి నాయకత్వంలో వ్యవసాయ పదాలను ఊరూరా సేకరించి 1962లో మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటం వేశారు. బంధుపదాలకూ అంత శ్రద్ధ కావాలి. ఏ ఊళ్లో, ఏ కులంలో, ఎవరిని ఎలా పిలుస్తారో, ఏ వేడుకలో ఎవరు ఏం చేస్తారో ఇప్పటి పెద్దవాళ్లు చెప్పగలిగినంతా రాసి పెట్టాలి.

అంతకంటే ముందు చేయాల్సిన పని ఇళ్లలో ఉంది. మేనమామ మాట లేకుండా మేనకోడలి పెళ్లి కుదరదనేది మన ఊళ్లలో ఇప్పటికీ నిలిచిన మర్యాద. ఆ అధికారాన్ని ఇప్పుడు సరైన చోట వాడాలి. పద్దెనిమిది నిండకుండానే పెళ్లి తలపెడితే, ఇంటర్‌తో చదువు మాన్పిస్తే, ఇష్టంలేని సంబంధం ముడిపెడితే, ముందు కుదరదనాల్సినవాడు మేనమామ. పుట్టింటి వాటా ఇవ్వమంటున్న చెల్లెలి పక్కన నిలబడాల్సినవాడూ అతడే. ఆ పని చేసినవాణ్ణి పిల్లలు ఏ దేశంలో పెరిగినా అంకుల్ అనరు. మామా అనే పిలుస్తారు.